చెరువు కోడి పడితే

మా కుక్క పేరు కరియ. రంగు తెలుపు. ఇదేం విడ్డూరమని మీరు మనసులో అనుకునే ఉంటారు. దీనికి ముందున్నది నల్లది, అదీ కరియే. అది పోయాక ఇంట్లో అందరి నోళ్ళూ ఆ పిలుపుకే అలవాటుపడి ఉండటంతో కొత్తదానికీ పాత పేరే వచ్చి కూర్చుంది. కన్నడంలో కరియ అంటే నల్లోడు. మా బాగేపల్లి వైపు ఇల్లు తెలుగు, బడి కన్నడం, కుక్క రెండిటికీ పలుకుతుంది.

కాస్త ముందుకు జరగండి, మంట ఇప్పుడే రాజుకుంది. ధనుర్మాసం చలి మా వైపు ఎముకలు కొరుకుతుంది. కరియను తోయకండి, బూడిద పక్క చోటు దానిదే.

మొన్న బెంగళూరు నుంచి తెలిసినవాళ్ళ అబ్బాయి ఫోన్ చేశాడు. "అంకుల్, కుక్కతో కలిసి నడవడానికి మీ చిక్కబళ్ళాపురం జిల్లాలో మంచి దారులున్నాయంట కదా? నది పక్కన, అడవిలో, లేక్ చుట్టూ..." ఉన్నాయి నాయనా అన్నాను. ఎక్కడో చెప్పబోయి ఆగిపోయాను. నది ఉంది, దాంట్లో నీళ్ళుండవు. అడవి ఉంది, దానికి గేటుంది. లేక్ అంటే మాకు చెరువు. అవి వందల్లో ఉన్నాయి గానీ, ఏడాదిలో ఎన్నాళ్ళు తడిగా ఉంటాయో వానదేవుడి దయ.

నదుల పుట్టిల్లు మాత్రం మాదే. నందికొండ ఎత్తు 1,478 మీటర్లు. ఆ గుట్టల గుంపు మీద పడ్డ వాన ఒకవైపు ఉత్తర పినాకిని అయి, గౌరిబిదనూరు, హిందూపురం మీదుగా సాగి, నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. మీరు పెన్న అనేది దాన్నే. ఇంకోవైపు జారింది దక్షిణ పినాకిని అయి తమిళనాడులో కడలూరు దగ్గర సముద్రం చేరుతుంది. చిత్రావతి చిక్కబళ్ళాపురం పక్కనే పుట్టి, బాగేపల్లి మీదుగా పుట్టపర్తి చూసుకుని పెన్నలో కలుస్తుంది. పాపాఘ్నిదీ మా జిల్లానే, అది కమలాపురం దగ్గర పెన్నను పట్టుకుంటుంది. ఇంతమందిని కని పంపిన చోట తాగునీళ్ళకు బోరు వెయ్యి అడుగులు దింపాల్సి వస్తోంది. ఆడపిల్లలందరినీ దూరపు సంబంధాలకిచ్చి, గంజి కాచిపోసే దిక్కులేక కూర్చున్న తల్లి మా నేల.

అయినా ఎండిన చిత్రావతిలో కుక్కతో నడిచి చూడండి. తెల్లారుజామున ఇసుక చల్లగా, పాదానికి మెత్తగా ఉంటుంది. కరియ ఒకచోట ఆగి వాసన చూస్తుంది, ముందుకాళ్ళతో గబగబా తవ్వుతుంది. మూరెడు లోతులో ఇసుక రంగు మారుతుంది, కాసేపటికి తడి ఊరుతుంది. చెలమ తవ్వడం దానికి ఎవరూ నేర్పలేదు. నాకు మా అవ్వ నేర్పితే వచ్చింది.

ఇక గేటున్న కొండల సంగతి. నందికొండకు టికెట్టు, స్కందగిరికి ముందే ఆన్‌లైన్‌లో బుకింగు. కుక్కను రానిస్తారా లేదా ఇంటి దగ్గరే ఫోన్ చేసి కనుక్కోండి. గేటు దగ్గర కనుక్కుంటే మీరూ కుక్కా కారులో కూర్చుని సూర్యోదయం చూడాల్సి వస్తుంది. ఆ కొండల్లో చిరుతలున్నాయి, ఎలుగులున్నాయి. చిరుతకు కుక్క అంటే మనకు సాయంత్రం పూట వేడి వేడి మసాలా వడ లాంటిది. మాట వరసకు అనడం లేదు. మహారాష్ట్రలో అకోలె ప్రాంతపు చిరుతల మలం పరీక్షించి చూస్తే, అవి తిన్నదాంట్లో బరువు లెక్కన 39 శాతం కుక్కలేనని తేలింది. ఆ పరిశోధన 2014లో అచ్చయింది. అందుకే పొద్దు వాలాక గుట్ట అంచున కరియను తాడు విప్పి వదలను. అది ఎంత మొత్తుకున్నా సరే.

అయితే కుక్కతో నడవడానికి మా వైపు అసలు దారి ఏది? నాకది కరియే చెప్పింది. దాన్ని దాని మానాన వదిలి వెంట నడిస్తే చెరువుకట్ట ఎక్కుతుంది, కట్ట చివరిదాకా పోతుంది, నీళ్ళు పొర్లిపోయే చోట దిగి, ఆ వంక పట్టుకుని కిందికి పోతుంది. మైలో మైలున్నరో పోయేసరికి ఇంకో చెరువు. మళ్ళీ కట్ట, మళ్ళీ వంక. కొన్నాళ్ళకు నాకు అర్థమైంది, ఇది గొలుసుకట్టు. పాతకాలపువాళ్ళు పై చెరువు మిగులు కింది చెరువుకు, దాని మిగులు ఆ కిందిదానికి అందేలా దారం మీద పూసల్లా కట్టుకుంటూ పోయారు. నిండు నదులు లేని చోట నదీలోయ అంటే అదే. బోర్డులుండవు, బాణం గుర్తులుండవు. గొర్రెలమందల అడుగులుంటాయి, అవి చాలు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. చెరువు నిండి పొర్లడాన్ని మీరు అలుగు పారడం అంటారు, అనంతపురం వాళ్ళు మరువ పోవడం అంటారు. మాకు కన్నడం కలిసింది కాబట్టి 'కోడి పడింది' అంటాం. 2021 నవంబరు వానలకు జిల్లాలో ఎక్కడ చూసినా చెరువులు పొర్లాయి. ఆ సంతోషంలో హైదరాబాదులో ఉన్న మా బావమరిదికి ఫోన్ చేసి "ఒరేయ్, మా చెరువు కోడి పడిందిరా" అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత మెల్లగా, "పోనీలే బావా, ఇంకోటి కొనుక్కోవచ్చు" అన్నాడు.

ఆ బావమరిదే పోయిన కార్తీకంలో కుక్కను కారులో వేసుకుని దిగాడు. లాబ్రడార్, పేరు సింబా. దానికో నీళ్ళ సీసా, మడతపెట్టే గిన్నె, నాలుగు కాళ్ళకూ నాలుగు ఎర్ర రబ్బరు బూట్లు. దిగుతూనే, "బావా, నేను బయల్దేరిందీ భాగ్యనగరం, చేరిందీ భాగ్యనగరమే, పెట్రోలు దండగ" అన్నాడు. 2025 జులైలో నందికొండ మీద కూర్చున్న కర్ణాటక మంత్రివర్గం బాగేపల్లి పేరు భాగ్యనగర అని మార్చాలని తీర్మానించింది లెండి. మా ఊళ్ళో బస్సు కండక్టర్ల నోట్లో ఇంకా బాగేపల్లే నలుగుతోంది.

బూట్లను చూసి నవ్వాను గానీ, ఎండాకాలంలో వాటికో అర్థం ఉంది. మా గుట్టలన్నీ నల్లరాతి గుండ్లు. ఏప్రిల్లో తొమ్మిది గంటలకే పెనంలా కాలుతాయి. అరచెయ్యి తిప్పి వెనకవైపు బండకు ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. చెయ్యి తియ్యకుండా ఉండలేకపోతే కుక్క పాదమూ ఉండలేదు. కార్తీకంలో మాత్రం ఆ బూట్లు ఉత్త షోకు. కావాల్సింది పల్లేరు కాయలు లాగే పట్టకారు. మా తోవల్లో ప్రతి పది అడుగులకీ కరియ ఒక కాలెత్తి నిలబడి నా మొహం చూస్తుంది.

దారిలో తిండి సంగతి ఇంకా పెద్దది. చిక్కబళ్ళాపురం అంటే ద్రాక్ష. బెంగళూరు బ్లూ, దిల్‌ఖుష్, పందిళ్ళు పందిళ్ళుగా. కోతల కాలంలో తోట అంచున గుత్తులు రాలి ఉంటాయి. మనిషికి అమృతం, కుక్కకు విషం. మూత్రపిండాలు పాడైపోతాయి. ఏ పదార్థం వల్లో చాలా ఏళ్ళు ఎవరికీ తెలియలేదు. 2021లో అమెరికా పశువైద్యులు కొందరు టార్టారిక్ ఆమ్లం మీద వేలు పెట్టారు. అదే ఆమ్లం చింతపండులో దండిగా ఉంది. మా చెరువుకట్టల మీద నీడ ఏ చెట్టుదనుకున్నారు? చింతచెట్టుదే. దేవనహళ్ళి పక్క నల్లూరు చింతతోపును 2007లో దేశంలోనే మొట్టమొదటి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారంటే ఈ సీమకు చింత ఎంత దగ్గరి చుట్టమో చూడండి. కాబట్టి నీడలో కూర్చోండి, రాలిన కాయ కుక్క నోటికి పోనివ్వకండి. చింతామణి వైపు టమాటా ధర పడిపోయినప్పుడు రోడ్డు పక్కన కుప్పలు పోస్తారే, పండినవి ఒకటీ అరా తింటే ఫరవాలేదు. కరియ ఒకటీ అరాతో ఆగే రకం కాదు, అది వేరే కథ. దానికి నేను మోసుకుపోయేది ఉప్పు లేని రాగిముద్ద. ఆకులో చుట్టి జేబులో పెడితే మధ్యాహ్నందాకా మెత్తగా ఉంటుంది.

నీళ్ళ సంగతి కూడా. ఇప్పుడు మా జిల్లాలో 'వ్యాలీ' అంటే నదీలోయ కాదు. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి హెబ్బాళ-నాగవార వ్యాలీ నుంచి పైపుల్లో ఇటు పంపుతున్నారు. రోజుకు 21 కోట్ల లీటర్లు, 65 చెరువులు అని పథకం లెక్క. ఆ నీటివల్ల బోర్లలో ఊట పెరిగిందన్న రైతులున్నారు, శుద్ధి రెండో దశతోనే ఆపేశారని పోట్లాడేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. నేనైతే ఆ చెరువుల్లో కరియను దిగనివ్వను. మామూలు కుంటల్లోనైనా నిలవనీరు ప్రమాదమే, ఎలుక జ్వరం కుక్కలకూ వస్తుంది, దానికి టీకా ఉంది. పిచ్చికుక్క టీకా మాట మళ్ళీ చెప్పనక్కర్లేదు కదా. ప్రతి పల్లె మొదట్లో ఊరకుక్కల చెక్‌పోస్టు ఒకటుంటుంది, మనం లంచం ఇచ్చినా వదలవు.

బావమరిదిని మొదటిరోజు గుడిబండకు తీసుకుపోయాను. 17వ శతాబ్దంలో బైరేగౌడ అనే పాళెగాడు కట్టించిన కోట అది. బండల్లోనే వాననీళ్ళు నిలిచే దొణెలు, ఒకదాని మీద ఒకటిగా. పై దొణె నిండితే కిందికి దిగుతుంది. మళ్ళీ గొలుసే చూడండి, కొండ మీద కూడా. పైనుంచి చూస్తే కింద భైరసాగర చెరువు. భారతదేశం పటంలా ఉందని అందరూ అంటారు. బావమరిది తల అటూ ఇటూ వంచి, శ్రీలంక ఏదని అడిగాడు. చెరువు పేరులో భైరవుడు, కట్టినవాడి పేరులో భైరవుడు, భైరవుడి వాహనం కుక్క. మా కుక్కలు రెండూ ఆ గోడ నీడలో సొంత ఇంట్లో పడుకున్నట్టు పడుకున్నాయి.

చింతామణి వైపు కైవారం వెళ్దామనుకున్నాం. గాజులమ్మిన నారాయణ తాతయ్య గుహలో తపస్సు చేసుకుని, తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు పాడిన చోటు. పాండవులున్న ఏకచక్రపురం ఇదేనని స్థలపురాణం. కుక్క లేకుండా స్వర్గానికి రానన్న ధర్మరాజు ఇక్కడ తలదాచుకున్నాడంటే కరియకు ఎక్కడ లేని గౌరవం వస్తుంది గానీ, గుడి మెట్ల దగ్గర ఆ వాదన చెల్లదు. అందుకే మానుకుని, రెండోరోజు మా ఊరి చెరువుకే పోయాం.

చెరువు కోడి పడుతోంది. బావమరిదికి కోడిని ప్రత్యక్షంగా చూపించాను. అడుగు మందాన నీళ్ళు రాతికట్ట మీద జారి వంకలోకి దూకుతున్నాయి. కట్ట మీద గొర్రెలు కాచుకుంటున్న తాత మమ్మల్ని చూసి, "ఏంప్పా, కుక్కను నువ్వు గుంజుకొని పోతా ఉండావా, అదే నిన్ను గుంజుకొని పోతా ఉందా?" అన్నాడు. బావమరిది జవాబు వెతుక్కునేలోపు సింబా తాడు లాక్కుని నీళ్ళలోకి దూకేసింది. కరియ కట్ట మీదే కూర్చుని, పెళ్ళిలో అటువైపు చుట్టాల గోల చూసినట్టు చూసింది. సింబా పైకి వచ్చి మా ఇద్దరి మీదా విదిలించుకున్నాక చూస్తే, కాళ్ళకు బూటు ఒక్కటీ లేదు. నాలుగూ కోడి దాటిపోయాయి.

బావమరిది మర్నాడు వెళ్ళిపోయాడు. నాలుగు రోజులకు ఆ తాత మా గడపలోకి వచ్చాడు. గొర్రెలను మూడో చెరువు కిందికి తోలుకుపోయాడంట. చేతిలో ఎర్ర బూటు.

"ఎవురి పిల్లోడిదప్పా ఇది? తూము కాడ చిక్కుకోని ఉండె. తల్లి ఏడస్తా ఉంటుందని తెచ్చినా."

"నాలుగు కాళ్ళ పిల్లోడిది తాతా."

తాత బూటును అటూ ఇటూ తిప్పి చూశాడు. "అట్లయితే ఇంకా మూడు రావల్ల," అని మంట పక్కన పెట్టి పోయాడు. కరియ లేచి వాసన చూసి, మళ్ళీ తన చోట పడుకుంది.