క్లబ్‌కి కూడా రాజ్యాంగం కావాలా?

"కోడింగ్ క్లబ్‌కి రాజ్యాంగం ఏంట్రా, వాట్సాప్ గ్రూప్ చాలదా?" అని ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో మా క్లాస్‌వాళ్లు నవ్వారు. కానీ అప్పటికే ఫైనలియర్ అన్నలు పాసై వెళ్లిపోయారు. వాళ్లతోపాటే క్లబ్ ఇన్‌స్టా పాస్‌వర్డ్, ఫెస్ట్‌లో మిగిలిన డబ్బుల లెక్కా వెళ్లిపోయాయి.

అందుకే ఆరుగురం హాస్టల్ రూమ్‌లో కూర్చున్నాం. పేరు, ఉద్దేశం, పదవులు అరగంటలో తేలిపోయాయి. కోరం దగ్గర మొదలైంది గొడవ. మీటింగ్‌కి సగం మందైనా రావాలన్నారు ఒకరు. ఇంటర్నల్స్ టైమ్‌లో సగం మంది ఎక్కడొస్తారన్నారు ఇంకొకరు. భారత రాజ్యాంగం 100వ అధికరణం ప్రకారం పార్లమెంటులో ఏ సభకైనా కోరం పదో వంతే. మేం నాలుగో వంతు దగ్గర ఆగాం. రూల్ మార్చాలంటే మూడింట రెండొంతుల ఓట్లు, డబ్బు తీయాలంటే ఇద్దరి సంతకాలు అని రాసుకున్నాం.

అసలు కష్టం ప్రెసిడెంట్‌ని తొలగించే రూల్. కాబోయే ప్రెసిడెంట్ మా మధ్యలోనే ఉన్నాడు మరి! ఎవరికీ నోరు రాలేదు. చివరికి వాడే ల్యాప్‌టాప్ లాక్కున్నాడు. "నా తర్వాత ఎవడొస్తాడో మనకేం తెలుసు?" అంటూ టైప్ చేశాడు: పదిమంది సంతకాలు పెడితే మీటింగ్ పెట్టాల్సిందే, ఆ మీటింగ్ ప్రెసిడెంట్ నడపకూడదు.

రూల్స్ స్నేహంగా ఉన్నప్పుడే రాసుకోవాలి. గొడవయ్యాక రాస్తే ప్రతి లైనూ ఎవరో ఒకరి మీద కోపంతో రాసినట్టే ఉంటుంది. మీ క్లబ్‌లో ఇంకా అందరూ మాట్లాడుకుంటున్నారా? అయితే ఈ వారమే కూర్చోండి.