మిల్వాకీలో పాత కెగ్గుల బేరం

షికాగో శివారు నుంచి మిల్వాకీకి గంటన్నర డ్రైవ్. బీరు ఊరని దానికి పాత పేరు. అక్కడి బేస్‌బాల్ టీమ్ పేరే బ్రూవర్స్. పాబ్‌స్ట్ కంపెనీ 1996లో మూసేసిన బ్రూవరీలో ఇప్పుడు హోటల్ నడుస్తోంది. ఒకప్పుడు బీరు కాచిన రాగి గంగాళాలు లోపల అలాగే ఉన్నాయి. వాటిని చూసి సెల్ఫీ దిగాం కానీ, నేనూ మా రూమ్మేటూ వెళ్లిన పని వేరు. ఓ రిటైరైన పెద్దాయన గ్యారేజీలో పాత కెగ్గులు అమ్ముతున్నాడు.

ఇక్కడ ఇంట్లో బీరు కాచుకోవడానికి 1978లోనే ఫెడరల్ చట్టం ఒప్పుకుంది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అమ్మకూడదు. మేమైతే అందులో పదో వంతు కూడా కాచలేదు. ఐదు గ్యాలన్లకి యాభై పైచిలుకు సీసాలు కడగాలి మరి! కెగ్గు ఉంటే ఒక్కటి కడిగితే చాలు. కొత్తది వంద డాలర్ల పైనే. ఈయన నలభై అన్నాడు.

ఇవి ఒకప్పుడు కూల్‌డ్రింక్ సిరప్ మోసిన స్టీలు డబ్బాలు. పెప్సీ వాళ్లు వాడిన రకం బాల్ లాక్, కోక్ వాళ్లది పిన్ లాక్. పిన్ లాక్‌లో గ్యాస్ వైపు రెండు పిన్నులు, ద్రవం వైపు మూడు. మా దగ్గరున్న కనెక్టర్లు బాల్ లాక్‌వి. కాబట్టి సగం సరుకు చూడకుండానే పక్కన పెట్టాం.

మా అమ్మ రాజమండ్రిలో స్టీలు బిందె కొంటే వెలుతురుకి ఎత్తి లోపల చూసి, వేలితో కొట్టి, అప్పుడు బేరం మొదలుపెట్టేది. నేనూ అంతే, టార్చి వేసి చూశా. పక్కన సొట్టలుంటే పర్లేదు, మూత కూర్చునే అంచు దగ్గర సొట్ట ఉంటే మాత్రం వద్దు, గ్యాస్ నిలవదు. లోపల నల్ల చుక్క కనిపిస్తే గోరుతో గీకి చూడాలి. గుంట తగిలిందంటే స్టీలు తినేసినట్టే, ఎంత కడిగినా అక్కడ మురికి దాక్కుంటుంది. చాలామంది బ్లీచ్ వేసి కడిగి తెచ్చుకునే రోగం ఇది. కూల్‌డ్రింక్ వాసనకి భయపడక్కర్లేదు. అది రబ్బరు రింగుల్లో ఉంటుంది, అన్నీ మార్చినా కొన్ని డాలర్లే.

ఇంతలో మా వాడు రెంచి తీసి ఓ కెగ్గు పోస్టు విప్పబోయాడు.

“ఆగరా! ప్రెషర్ ఉందేమో చూశావా?”

“ఖాళీదే కదా మామా.”

ఖాళీ అంటే బీరు లేదని, గ్యాస్ లేదని కాదు. మూత మీది వాల్వ్ రింగు లాగితే బుస్సుమని ఎంతసేపు వచ్చిందో! మూత లోపలి నుంచి బిగుసుకుంటుంది కాబట్టి ప్రెషర్‌లో ఊడదు. పోస్టు అలా కాదు, విప్పుతుండగా ఎగిరి మొహానికి తగిలేది. మావాడి మొహం తెల్లబోయింది. పెద్దాయన కూడా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అయినా నాకు మాత్రం ఆ చప్పుడు నచ్చింది. గ్యాస్ అన్నాళ్లు నిలిచిందంటే సీళ్లు బాగున్నట్టే.

మూలన పెద్ద కెగ్గొకటి ఇరవై డాలర్లకే ఇస్తానన్నాడు. అంచు మీద ఓ బ్రూవరీ పేరు, వాళ్ల ఆస్తి అన్న ముద్ర. డిపాజిట్ కట్టి తీసుకెళ్లి వెనక్కివ్వనిది అయ్యుండాలి. మావాడు “ఎవడు చూస్తాడ్రా” అన్నాడు. నేను వద్దన్నా. కారెక్కేదాకా నాతో మాట్లాడలేదు.

చివరికి మూడు కొన్నాం. ఇంటికొచ్చి రబ్బర్లు మార్చి, తలా 30 పీఎస్‌ఐ గ్యాస్ ఎక్కించి, సబ్బు నీళ్లు చల్లి చూశాం. బుడగ రాలేదు. పొద్దున్నే వాల్వులు లాగితే రెండు బుస్సుమన్నాయి. మూడోది కిక్కురుమనలేదు. దాని అంచు మీద టార్చి వేసి మావాడు ఇంకా వెతుకుతున్నాడు.