కల్సుబాయి ఎక్కాలంటే ఏం కొనాలి, ఏం కొనొద్దు

వానలు మొదలైతే చాలు, శనివారం రాత్రి కల్యాణ్ స్టేషన్లో కసారా లోకల్ నిండా సంచులు తగిలించుకున్న పిల్లలే. ఇదివరకు వాళ్లంతా ముంబై, ఠాణే కాలేజీల వాళ్లు. ఇప్పుడు మన భివండీ పద్మనగర్ పిల్లలు కూడా పోతున్నరు. సాంచాల చప్పుడులో పుట్టి పెరిగిన పిల్లలు ఒక్కదినం కొండ గాలి పీల్చుకుని వస్తే నాకు సంతోషమే. నన్ను సతాయించేది కొండ కాదు, కొండకు ముందు వచ్చే షాపు.

ముందు కొండ సంగతి చెప్త. కల్సుబాయి ఎత్తు 1,646 మీటర్లు. మహారాష్ట్రలో ఇంతకన్నా ఎత్తయిన శిఖరం లేదు. అకోలే తాలూకాలో బారి అనే ఊరి నుంచి దారి మొదలవుతుంది. కసారా దాకా లోకల్‌లో పోయి, అక్కడి నుంచి జీపులో ఘాటెక్కి, ఇగత్‌పురి, ఘోటీ మీదుగా బారి చేరాలి. ముందు పొలం గట్లు, తర్వాత మెట్లు, బండలు. నిట్టనిలువు బండలున్న చోట ఇనుప నిచ్చెనలు వేసిన్రు. మామూలు మనిషి మూడు గంటల్లో పైకి పోతడు. పైన కల్సుబాయి తల్లి గుడి చిన్నది, సిందూరం రంగుది. ఈ తల్లి గురించి ఆ ఊరోళ్లు ఒక కథ చెప్తరు. కల్సు అనే పిల్ల ఒకరింట్లో పనికి కుదిరేటప్పుడే 'అంట్లు తోమ, కసువు ఊడ్వ' అని చెప్పిందట. తర్వాత వాళ్లు బలవంతంగా అవే పనులు చేయిస్తే, విడిచిపెట్టి కొండెక్కి కూర్చుందట. ఆ పిల్లంటే నాకు ఇష్టం.

పోయిన ఏడు మా అన్న కొడుకు దోస్తులతో పోతనంటే, అన్నకు నైట్ షిఫ్ట్ ఉండి, సామాను కొనడానికి నేను వెంట పోయిన. పెద్ద షాపు, లోపల ఏసీ. అక్కడి కుర్రాడు మరాఠీలో "కాకా, కాకా" అంటడు, మావోడు కూడా "కాకా" అనే పిలుస్తడు. ఇద్దరి మధ్యన నిలబడ్డ. ఆ కుర్రాడు నాతో మాట్లాడింది పిలుపు వరకే. చూపించిందంతా పిల్లగానికే. 60 లీటర్ల బ్యాగు 3,499, వాటర్‌ప్రూఫ్ బూట్లు 4,299, చేతికర్రల జత 1,298, స్లీపింగ్ బ్యాగు 1,999, తలకు కట్టుకునే లైటు 799. లెక్క గడితే 11,894 రూపాయలు. అన్న పదిహేను దినాల పగారు కన్నా ఎక్కువ. నేను ముఖం ముడిస్తే, "కాకా, ప్రాణం కంటే పైసలు ఎక్కువా?" అన్నడు. ఆ మాట విన్నాక ఏ తండ్రి చేయి అయినా జేబులోకి పోతది. వాళ్లకు అది తెలుసు. ఆఖరుకు "ఇవాళ ఒక్కదినమే ఈ రేటు" అన్నడు. నేను "ఇంట్లో అడిగి రేపొస్త" అని బయటకొచ్చిన. వారం తర్వాత అటు పోతే అదే రేటు, అదే బోర్డు.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. ఎంత అమ్మితే వానికి అంత కమీషనేమో. కానీ పొద్దున పోయి సాయంత్రం వచ్చే కొండకు 60 లీటర్ల బ్యాగు దేనికి? అది నాలుగైదు దినాలు గుడారం మోసుకుని తిరిగేటోళ్లది. ఒక్కదినానికి 20 నుంచి 30 లీటర్లది చాలు. పెద్ద బ్యాగు కొంటే నింపబుద్ధి అయితది, నింపితే మోయాలె. రాత్రి పడుకోనప్పుడు స్లీపింగ్ బ్యాగు ఊసే అక్కర్లేదు.

ఇక బట్ట సంగతికి వస్తే, అమ్మేటోని కన్నా మనకే ఎక్కువ తెలుసు. "600 డెనియర్ సార్" అని వాడు గొప్పగా చెప్తడు. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లని మన దగ్గర బీము పట్టే పిల్లగాడు కూడా చెప్తడు. డెనియర్ ఎక్కువుంటే బట్ట మందం, బరువు కూడా ఎక్కువే. బ్యాగును లోపలి వైపుకు తిప్పి చూడండి. నీళ్లాపే పూత అక్కడుంటది. గోటితో గీకితే పొట్టు లేస్తే వద్దు. గళ్లుగళ్లుగా మందం పోగు కనబడితే అది రిప్‌స్టాప్ నేత, చిరుగు పట్టినా గడి దాటి అంత తొందరగా పోదు. అన్నిటికన్నా ముందు భుజం పట్టీ బ్యాగుకు కలిసే చోట కుట్టు చూడాలి. అక్కడ అడ్డంగా ఒత్తుగా కుట్టు పడి ఉండాలి. బట్ట ఎంత మంచిదైనా తెగేది అక్కడే. జిప్పు పదిసార్లు తీసి వేసి చూడండి, వాడు విసుక్కున్నా సరే. లోపల ఒక పెద్ద ప్లాస్టిక్ సంచి పెట్టి అందులో సామాను సర్దితే, బ్యాగు తడిసినా లోపలి బట్ట తడవదు.

నూలు బట్ట మనకు అన్నం పెట్టింది గానీ, వానలో కొండ మీదికి మాత్రం వద్దు. నీళ్లు పీల్చుకుని బరువెక్కుతది, ఆరదు, పైన గాలికి వణుకు పుడుతది. జీన్సు ఇంకా ఘోరం. పాత పాలిస్టర్ టీషర్టు, ట్రాక్ ప్యాంటు ఇంట్లోనే ఉంటయి.

పైసలు పెట్టాల్సింది బూట్ల మీదనే, ఇందులో కక్కుర్తి పడొద్దు. తడి బండ మీద పట్టు దొరకకపోతే ఏమైతదో చెప్పనక్కర్లేదు. కానీ వాటర్‌ప్రూఫ్ అంటే ఆగమాగం కావద్దు. సహ్యాద్రి వానలో నీళ్లు పైనుంచి, చీలమండ దగ్గర్నుంచి దిగుతయి, దిగిన నీళ్లు బయటికి పోవు. అడుగున లోతుగా గాళ్లున్న రబ్బరు అట్ట ముఖ్యం. ఇక్కడి ట్రెక్కింగ్ పిల్లలు చాలామంది యాక్షన్ కంపెనీ ట్రెక్కింగ్ బూట్లతోనే తిరుగుతరు. బూట్లు సాయంత్రం పూట కొనాలె, నడిచి నడిచి పాదం అప్పటికి కొంచెం ఉబ్బి ఉంటది. సాక్సులు వేసుకుని తొడిగి, మెట్లు దిగి చూడాలె. దిగేటప్పుడు వేళ్లు ముందు తగిలితే గోళ్లు నల్లబడతయి. కొన్నాక వారం దినాలు గల్లీలో తొడుక్కుని తిరగాలె.

ఆ కుర్రాడు చెప్పినవాటిల్లో నిజంగా పనికొచ్చేది తలలైటు. సూర్యోదయం చూద్దామని రాత్రి ఎక్కేటోళ్లకు నిచ్చెన మీద రెండు చేతులూ ఖాళీగా ఉండాలె. కాకపోతే 799 ది అక్కర్లేదు, 250 రూపాయలది చాలు. చేతికర్రలు మాత్రం నిచ్చెన మీద అడ్డమే. కావాలంటే బారిలో ఒక మామూలు కర్ర అడిగితే ఎవరైనా ఇస్తరు.

షాపుకు పోయేముందు చీటీ రాసుకోండి, లోపలికి పోయాక కాదు. చీటీలో లేనిదాన్ని చూపిస్తే "ఇది లేకపోతే ఏమైతది?" అని అడగండి. బిల్లు తీసుకోండి. బిల్లు ఇవ్వకపోవడం, పాడైన సామాను వాపసు తీసుకోకపోవడం 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పు. గోడ మీద "అమ్మినది వాపసు తీసుకోం" అని రాసి ఉన్నంత మాత్రాన పాడైనదాన్ని మన నెత్తిన రుద్దలేరు. 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు, తెలుగులో కూడా మాట్లాడుతరు.

మావోనికి కల్యాణ్ బజారులో బూట్లు 1,050, బ్యాగు 700, రెయిన్‌కోటు 350, లైటు 250, మొత్తం 2,350 అయింది. రెండు లీటర్ల నీళ్ల సీసాలు, అటుకులు, వాళ్లమ్మ చేసిన సర్వపిండి మూట ఇంటివే. రెయిన్‌కోటు చంక కింద చిరిగింది, ఈసారి కొత్తది కొనాలె. మిగతావి బాగున్నయి. దీపావళి తర్వాత పక్క గల్లీ పిల్లలు హరిశ్చంద్రగఢ్ పోతరట, బ్యాగు, లైటు అడిగిన్రు. ఇస్తమని చెప్పినం.