గుర్రపువాతం

మా పెద్దక్క తొలికాన్పుకు పుట్టింటికి వచ్చిన సంవత్సరం 1969. నాకప్పుడు పదేళ్ళు. కాళ్ళకు నీరు పడితే, నెలలు నిండినవి కనుక సహజమే అన్నారు పెద్దలు. తలపోటన్నది. కళ్ళు బైర్లు కమ్ముతున్నవన్నది. మరునాటి తెల్లవారుజామున మూర్ఛలు వచ్చినవి. గాలి సోకినదని వేపమండలు తెచ్చారు. ఎడ్లబండి పట్టణం చేరేసరికి తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు.

అది గుర్రపువాతమని చాలాకాలానికి గాని తెలియలేదు. వైద్యులు దీనిని ఎక్లాంప్సియా అంటారు. గ్రీకులో ఆ మాటకు మెరుపు మెరియడమని అర్థం. (తెలుగు పండితుణ్ణి, మాట దగ్గర ఆగకుండా ఉండలేను.) అయితే ఈ మెరుపుకు ముందు మబ్బు పడుతుంది: రక్తపుపోటు, మూత్రంలో మాంసకృత్తులు, ఆ తలపోటు.

దీనికి మెగ్నీషియం సల్ఫేటును, అనగా మన భేది ఉప్పునే, సూదిమందుగా ఇవ్వడం అమెరికాలో దశాబ్దాలనాటి వాడుక. తక్కినచోట్ల నమ్మినవారు తక్కువ. మన దేశంతో సహా పలుదేశాలలో 1,687 మంది స్త్రీలపై జరిపిన పరిశోధన 1995లో ఆ తగవు తీర్చినది. డయజిపాం ఇచ్చినవారికంటె ఈ ఉప్పు ఇచ్చినవారిలో మూర్ఛ తిరగబెట్టడం సగానికి తగ్గినది. 2002లో మాగ్‌పై అనే పరిశోధన 33 దేశాలలో పదివేల పైచిలుకు స్త్రీలను పరిశీలించి, ముందుగానే ఇస్తే అసలు మూర్ఛ రావడమే సగానికి పైగా తగ్గుతుందని తేల్చినది.

అప్పటికి అమ్మ ఉన్నది. ఆ సంగతులన్నీ చదివి వినిపించాను. సాంతం విని, "అప్పట్లో ఆ ఉప్పు లేదా నాయనా?" అన్నది.

ఉన్నదని చెప్పలేకపోయాను.