అంటింపని అంకెలు

కుట్టుమిషనుపై మెరయు బంగారు అక్షరములను, సైకిలు చట్రముమీది ముద్రను చూడనివారుండరు. వానిలో పెక్కు చేతితో వ్రాసినవి కావు. కాగితముపై అచ్చొత్తి, నీట తడిపి, లోహముపైకి జార్చినవి. వీనిని డెకాల్సు అందురు. మా బాల్యమున బడిపిల్లలు ఇట్టి బొమ్మలనే ముంజేతులకు అంటించుకొని మురిసెడివారు. అరువదియేండ్లు దాటి, గుమాస్తా పని చాలించిన మాకు వీనితో ప్రసక్తి యేమని పాఠకులు అడుగవచ్చును.

మా అన్నగారు మాకంటె పదునాలుగేండ్లు పెద్దవారు. అనంతపురము జిల్లానుండి వచ్చి, ఈ బెంగళూరు జాలహళ్ళిలో శిక్షణ పొంది, వాయుసేనలో యంత్రముల మరమ్మతు పనిలో ఉండిరి. 1971 యుద్ధమున వారు పనిచేసినది ఎం.ఐ.-4 హెలికాప్టరుపై. అది రష్యాదేశపు యంత్రము. ముక్కులో ఇంజను, దానిపైన పైలటు గది, వెనుక రెండు తలుపులు. ఆ డిసెంబరులో ఆశుగంజ్ వద్ద మేఘనానదిపై వంతెనను పాకిస్తాను సేన కూల్చివేసెను. లెఫ్టినెంటు జనరల్ సగత్ సింగ్ గారు తమ సైన్యమును ఆకాశమార్గమున దాటింప నిశ్చయించిరి. 9వ తేదీ మొదలు బ్రాహ్మణబరియానుండి ఆవలియొడ్డున రాయ్‌పురాకు ఈ హెలికాప్టర్లు రాత్రులు సైతము భటులను చేరవేసెను. మాకప్పుడు పదునొకండేండ్లు. రేడియో ఎంతో చెప్పెను, అన్నగారి ఉత్తరము మాత్రము "క్షేమం. నిద్ర లేదు" అని రెండే మాటలు చెప్పెను.

నిరుడు అన్నగారు గతించిరి. "మీ అన్న పనిచేసిన ఆ హెలికాప్టరు బొమ్మ ఒకటి చేసిపెట్టు నాయనా, పటం పక్కన పెట్టుకుంటాను" అని వదినగారు కోరిరి.

డెబ్బదిరెండవ వంతు కొలతగల ప్లాస్టిక్ ముక్కల పెట్టె తెప్పించితిమి. పూర్తియైనచో ఒడలు ఇంచుమించు 23 సెంటీమీటర్లు. పెట్టెలో విదేశపు ముద్రలే యుండెను. మన ముద్రల కాగితమును వేరుగా కొంటిమి. 2001లో తెరచిన హెచ్.ఏ.ఎల్. ప్రదర్శనశాలకు పోయి, మారుత్ విమానముమీది చుట్టుముద్రను కన్నార చూచి వచ్చితిమి. వెలుపల ఆకుపచ్చ, నడుమ తెలుపు, లోపల కాషాయము. జెండాలోని వరుస తలపున నుంచుకొని కాషాయమును వెలికి తెచ్చినచో ముద్ర తప్పగును.

పని ఓర్పుతో కూడినది. గరుకైన రంగుపై అంటించినచో అడుగున గాలి చిక్కి వెండిపొరవలె మెరయును. కావున ముందు నున్నని వార్నీషు పూయవలెను. ముద్రను కత్తిరించి, గోరువెచ్చని నీట తడిపి, జిగురు వదలువరకు వేచి, కుంచెతో మెల్లగా జార్చవలెను. తొందరపడినచో చిరుగును. కడపట మెరుపు తగ్గించు వార్నీషుతో పని ముగియును.

చుట్టుముద్రలు చక్కగా కుదిరెను. మిగిలినది తోకమీది సంఖ్య. కాగితమున ఒక సంఖ్య సిద్ధముగా నుండెను. అది మరియొక యంత్రముది కావచ్చును. అన్నగారి పెట్టెలోని ఉత్తరములన్నియు వెదకితిమి. సంఖ్య యెచటను లేదు. "ఏదో ఒకటి వేసెయ్ తాతా, ఎవరికి తెలుస్తుంది?" అని మనుమడు అనెను.

మా చేయి ఆడలేదు. ఉద్యోగములో చేరిన క్రొత్తలో, కాగితము దొరకక, ఒకరి సర్వీసు పుస్తకమున చేరిన తేదీని ఊహించి వ్రాసితిమి. ఆయన పోయిన పిదప ఆయన భార్య పింఛనుకై పదునొకండు నెలలు మా మెట్లు ఎక్కి దిగెను. ఆ తప్పు అచ్చముగా మాది. ఆమె మమ్ములను ఒక్క మాటయు అనలేదు. నాటినుండి తెలియనిచోట ఖాళీ విడుచుట నేర్చుకొంటిమి.

బొమ్మను తీసికొనిపోయినపుడు వదినగారు చుట్టుముద్రను వ్రేలితో తడవి, "ఇక్కడ నంబరు ఉండాలి కదా?" అనిరి. ఉన్నమాట చెప్పితిమి. కొంతసేపూరకుండి, "అబద్ధం నంబరు వేస్తే ఆయనే ఒప్పుకోరు. అట్లే ఉండనీ" అనిరి.

ఆ డిసెంబరులో మేఘనాతీరమున పనిచేసిన తెలుగువారెవరైన ఈ సంచికను చదువుట తటస్థించినచో, అన్నగారి యంత్రము గుర్తున్నచో, మా సంఘమునకు ఒక కార్డు ముక్క వ్రాయ ప్రార్థన. మిగిలిన అంకెల కాగితమును తడి తగులకుండ దాచియుంచితిమి.