దారి వేసినవారి ఓటమి

మూడు దశాబ్దాలుగా మదరసాలో పాఠాలు చెబుతున్న నాకు చదరంగం ఆడటం రాదు. అయినా మహిళల ప్రపంచ చదరంగ పోటీల చరిత్ర చదువుతున్నప్పుడు అది నా వృత్తిని గురించే వ్రాసినట్లు అనిపించింది.

1927లో లండన్‌లో జరిగిన టోర్నమెంటులో గెలిచి వేరా మెంచిక్ తొలి ప్రపంచ విజేత అయింది. 1944లో లండన్‌పై జర్మన్లు జరిపిన దాడిలో తల్లితో, చెల్లెలితో సహా మరణించేవరకు ఆమె కిరీటాన్ని ఎవరూ తీసుకోలేకపోయారు. ఆ స్థానం కొన్నేళ్లు ఖాళీగా ఉండిపోయింది. ఓడిపోని విజేతకు వారసులు లేకపోవడం ఎంత వెలితి!

జార్జియా కథ ఇందుకు భిన్నమైనది. 1962లో ఆ చిన్న దేశపు యువతి నోనా గాప్రిందాష్విలి, బైకోవాతో ఆడిన మ్యాచ్‌లో 7 ఆటలు గెలిచి, 4 డ్రా చేసి, ఒక్కటీ ఓడకుండా కిరీటం అందుకుంది. అప్పటికి ఆమె వయస్సు 21 ఏళ్లు. అల్లా కుష్నిర్ మూడుసార్లు సవాలు చేసినా నోనాను ఓడించలేకపోయింది. ఈలోగా జార్జియాలో ఎందరో ఆడపిల్లలు ఆమెను చూసి చదరంగపు బల్ల ముందు కూర్చున్నారు. 1978లో వారిలో ఒకరైన మాయా చిబుర్దానిద్జే తన 17వ ఏట నోనానే ఓడించింది. నోనా కిరీటం గెలిచేనాటికి మాయాకు రెండేళ్లయినా నిండలేదు.

ఆ ఓటమి శత్రుత్వంగా మారలేదు. అదే ఏడాది ఒలింపియాడ్‌లో ఇద్దరూ సోవియట్ జట్టులో కలిసి ఆడి స్వర్ణం గెలిచారు. 1992లో స్వతంత్ర జార్జియా జట్టులోనూ కలిసి ఆడి మళ్లీ స్వర్ణం తెచ్చారు.

నా వద్ద చదివిన ఒక అమ్మాయి ఇప్పుడు మా మదరసాలోనే అరబీ వ్యాకరణం బోధిస్తోంది. సందేహం వస్తే పిల్లలు ముందుగా ఆమె వద్దకే వెళుతున్నారు. వరండాలో వారు నా గది దాటి వెళ్లే అడుగుల చప్పుడులో తీపీ చేదూ రెండూ ఉన్నాయి. సనద్ ఇచ్చేటప్పుడు మనం శిష్యులకు అప్పగించేది ఈ స్థానాన్నే కదా!

మన తెలుగునేలకూ ఇటువంటి కథ ఉంది. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో, 15 ఏళ్ల వయస్సులో, గ్రాండ్‌మాస్టర్ అయింది. భారతీయ మహిళల్లో ఆ బిరుదు పొందిన తొలి వ్యక్తి ఆమె. 2011లో ప్రపంచ కిరీటం కోసం హౌ యీఫాన్‌తో తలపడి ఓడిపోయింది. 2025లో జార్జియాలోని బతూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్‌కు చేరింది. అక్కడ ఆమెను ఓడించింది 19 ఏళ్ల భారతీయ యువతి దివ్యా దేశ్‌ముఖ్. ఆ విజయంతోనే దివ్య గ్రాండ్‌మాస్టర్ అయింది. హంపి తెరిచిన తలుపులోంచే, హంపినే దాటి లోపలికి వచ్చింది.

తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా! మీ బిడ్డ ఏదో ఒకరోజు మీ మాటలోని తప్పును సరిదిద్దవచ్చు. ఆనాడు చిన్నబోకండి. మనం వేసిన దారి మన దగ్గరే ఆగిపోలేదని సంతోషించండి.