మూలనున్న చుక్క

మానవుడు సంఘజీవి అని చిన్ననాటి నుండి చదువుకొంటూనే ఉన్నాము. కాని ఆ సంఘాన్ని కాగితంపై గీసి, లెక్కగట్టి చూడవచ్చునని మాకు తెలిసినది ఈ విద్యాసంవత్సరంలోనే.

గణాంకశాస్త్రపు తరగతిలో మా అధ్యాపకులు మొదట నేర్పినది ఇంతే: ఒక్కొక్క వ్యక్తికి ఒక చుక్క, ఇద్దరి మధ్య సంబంధం ఉన్నచో ఒక గీత. ముంగిట ముగ్గు పెట్టినంత సులభమని మేము భావించాము. పిమ్మట వారు మా ఎదుట ఉంచిన ఉదాహరణ అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయపు కరాటే సంఘానిది. వేన్ జాకరీ అనే పరిశోధకులు 1970 నుండి 1972 వరకు ఆ సంఘాన్ని పరిశీలించి, 1977లో తమ వ్యాసాన్ని ప్రకటించారు.

అభ్యాస సమయం దాటిన తరువాత కూడ కలిసిమెలిసి తిరిగే సభ్యులు అందులో 34 మంది. వారిలో ఏర్పడగల జంటలు 561. నిజముగా ఉన్న గీతలు 78 మాత్రమే, అనగా నూటికి సుమారు 14. అందరికంటె ఎక్కువ గీతలు ఇద్దరి వద్దకు చేరినవి: శిక్షకునికి 16, సంఘాధ్యక్షునికి 17. పాఠాల రుసుము విషయమై ఈ ఇరువురికీ వివాదం ముదిరి, సంఘం రెండుగా చీలినది. బంధాలు ఎచ్చట పలుచగా ఉన్నవో అచ్చట కోసినచో ఎవరు ఏ పక్షాన మిగులుదురో జాకరీ లెక్కగట్టారు. 34 మందిలో 33 మంది విషయంలో ఆ లెక్క సరిపోయినది!

తప్పినది ఒక్కరి విషయంలోనే. అధ్యక్షుని పక్షాన చేరవలసిన 9వ సంఖ్య సభ్యుడు శిక్షకుని వెంట వెళ్ళాడు. బ్లాక్‌బెల్టు పరీక్షకు అతనికి మూడు వారాలే వ్యవధి ఉన్నది. అధ్యక్షుని పక్షం వేరొక కరాటే పద్ధతిని స్వీకరించినందున, అటు చేరినచో సంపాదించిన స్థాయిని వదులుకొని మొదటినుండి ఆరంభించవలసి ఉండెను. ఈ కారణం ఏ గీతలోనూ లేదు. మేము ఆ 33ను చూచి మురిసిపోయి, ఈ ఒక్కనిని మరచిపోయాము.

ఆ ఉత్సాహంతో మా తరగతి పటమే గీయబూనుకొన్నాము. ఉర్దూ మాధ్యమం నుండి, తెలుగు మాధ్యమం నుండి వచ్చినవారము ఇచ్చట కలిసి చదువుకొంటున్నాము. అందరి సమ్మతితో "పాఠంలో సందేహం కలిగితే ఎవరిని అడుగుతారు?" అని ప్రశ్నించి, పేర్లకు బదులు సంఖ్యలు వేసి, కంప్యూటరుపై పైథాన్ భాష సాయంతో పటం తయారు చేశాము. రెండు గుంపులు స్పష్టంగా ఏర్పడినవి. నడుమ గీతలు బహు స్వల్పం. ఒక చుక్క మాత్రం ఏ గీతా లేక మూలన నిలిచినది. దాని పక్కన 'ఒంటరి' అని వ్రాసి, పటాన్ని గోడకు అంటించాము.

మరునాడు ఒక మిత్రుడు దాని ఎదుట నిలబడి, "ఆ మూలనున్నది నేనే కదా, భాయ్?" అని నవ్వాడు. మాకు తల ఎత్తబుద్ధి కాలేదు. సంఖ్య చాటున పేరు దాగినది గాని, తనను తాను గుర్తుపట్టిన మనిషి మనస్సు దాగలేదు.

ఆ వారంలోనే ఉపకార వేతనాల దరఖాస్తుల గడువు వచ్చినది. గ్రంథాలయపు వరండాలో అదే మిత్రుని చుట్టూ విద్యార్థులు మూగి ఉన్నారు. ఉర్దూలో చదివినవారికీ, తెలుగులో చదివినవారికీ ఫారాలలోని ప్రశ్నలు వారి వారి భాషలో చదివి వినిపిస్తూ, నింపిపెడుతున్నాడు. రెండు లిపులూ అతనికి వచ్చును. మేము అడిగినది పాఠాల సంగతి. అక్కరకు ఎవరు ఆదుకొందురని అడుగనే లేదు.

ఆ ప్రశ్ననూ అడిగి, పటాన్ని మరల గీశాము. మూలనున్న చుక్క రెండు గుంపుల నడుమకు వచ్చి నిలిచినది. ఒకరి నుండి మరొకరికి పోయే దగ్గరి దారులలో ఎన్ని ఒక వ్యక్తి మీదుగా సాగునో తెలిపే కొలతను లింటన్ ఫ్రీమన్ 1977లోనే నిర్వచించి ఉన్నారు. ఆ కొలతలో మా మిత్రునిదే ప్రథమ స్థానం.

మొదటి పటం అబద్ధమాడలేదు. అడిగినదానికి జవాబు చెప్పినది. 'ఒంటరి' అన్న మాట మాత్రం మేము చేర్చినది. అందుచే ఆ మాటను కొట్టివేసి, రెండు పటాలనూ పక్కపక్కన అంటించాము. గీతలు లేని చుక్క కనబడినప్పుడు దానికి పేరు పెట్టుటకు ముందు, మన ప్రశ్నను మరల ఒకసారి చదువుకొనవలెనని, ఆ పిమ్మట ఆ మనిషి వద్దకే వెళ్ళి అడుగవలెనని ఈ సంవత్సరం మేము నేర్చిన పాఠం.